"కార్యేషు దాసీ": ఇది ఎవరితో చెప్పిన శ్లోకం?

అరసున్న:
కార్యేషు దాసీ, కరణేషు మంత్రీ,
రూపే చ లక్ష్మీ, క్షమయా ధరిత్రీ,
భోజ్యేషు మాతా, శయనేషు రంభా,
షట్కర్మయుక్తా కులధర్మపత్నీ

పెళ్ళి శుభలేఖల్లో, మహిళా దినోత్సవం నాటి శుభాకాంక్షల్లో, రిటైరైన ఉద్యోగి సన్మానసభలో ఆయన భార్యను పొగిడేటప్పుడు ఈ శ్లోకం వినబడుతూనే ఉంటుంది. ఈమధ్య దీనికి తోకలు కూడా మొలిచాయి. "ఆఫీసులో మేనేజర్, ఇంట్లో అకౌంటెంట్, పిల్లలకు ట్యూషన్ టీచర్" అని కింద తెలుగులో చేర్చి పంపుతున్నారు. పంపేవాళ్ళ ఉద్దేశం మంచిదే అనుకుంటాను.

నా సందేహాలు ఇవి. "కరణేషు మంత్రీ" అన్నచోట కరణం అంటే ఏమిటి? పాఠం సరిగ్గానే ఉందా? అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ మాటలు ఎవరు ఎవరితో అంటున్నట్టు? పెళ్ళికూతురితోనా, పెళ్ళికొడుకుతోనా, చూడవచ్చిన మనతోనా? ఆడవాళ్ళు ఎలా ఉండాలి అన్న గొడవ ఎక్కడైనా దొరుకుతుంది. ఇక్కడ కాసేపు మాటల్ని పట్టుకుని మాట్లాడుకుందాం.

విసర్గ:
ముందు పాఠం. "లక్ష్మీ" అని ఆగకూడదు, "లక్ష్మీః" అనాలి. నదీ, గౌరీ లాంటి మాటలకు ప్రథమా ఏకవచనంలో విసర్గ రాదు గానీ లక్ష్మీ శబ్దానికి వస్తుంది. నా పేరు చూసి నవ్వకండి, వ్యాకరణం అలాగే ఉంది మరి.

కార్యేషు, కరణేషు, భోజ్యేషు, శయనేషు నాలుగూ సప్తమీ బహువచనాలు. "రూపే" సప్తమీ ఏకవచనం. "క్షమయా" ఒక్కటే తృతీయ: ఓర్పు చేత భూమి. ఇక కరణం అంటే చేయడం, చేసే సాధనం. పూర్వం ఊరి లెక్కలు రాసిన కరణం కూడా ఈ మాటే. పక్కన మంత్రి ఉన్నాడు కాబట్టి "వ్యవహారాలు నడపడంలో" అని అర్థం చెప్పుకుంటే సరిపోతుంది.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది "మంత్రీ" అన్న మాట. ఇది "మంత్రిన్" శబ్దానికి పుంలింగ రూపం. స్త్రీలింగం మంత్రిణీ. లలితా సహస్రనామాల్లో "మంత్రిణీన్యస్తరాజ్యధూః" అని ఉంది కదా, రాజ్యభారాన్ని మంత్రిణికి అప్పగించినది అని. ఈ శ్లోకంలో దాసి, లక్ష్మి, ధరిత్రి, మాత, రంభ అందరూ ఆడవాళ్ళే. సలహా చెప్పే చోట మాత్రం మగమాట వచ్చింది. ఛందస్సు కోసం అనవచ్చు. నాలుగు పాదాలూ ఇంద్రవజ్ర, "మంత్రిణీ" అంటే నడక చెడుతుంది. కావచ్చు. అయినా కవి అనుకుంటే ఇంకో స్త్రీలింగ పదం దొరక్కపోదు.

ఇంకొకటి. "షట్కర్మ" అనే మాటకు స్మృతుల్లో స్థిరమైన అర్థం ఉంది. చదవడం, చదివించడం, యజ్ఞం చేయడం, చేయించడం, దానం ఇవ్వడం, పుచ్చుకోవడం. ఇవి బ్రాహ్మణుడికి చెప్పిన ఆరు కర్మలు. ఆ మాటనే తెచ్చి ఇక్కడ భార్యకు తగిలించారు. ఆయన ఆరింటిలో రెండు చదువుకు సంబంధించినవి. ఈమె ఆరింటిలో చదువు ఊసే లేదు.

బండి ఱ:
విసర్గ గారూ, మీ సంస్కృతం పక్కన మా తెలుగు కూడా పెట్టనివ్వండి. బద్దెన పేరు మీద ప్రచారంలో ఉన్న సుమతీ శతకంలో ఇదే భావం కందంలో ఉంది.

పనిచేయునెడల దాసియు
ననుభవమున రంభ మంత్రి యాలోచనలన్
దన భుక్తి యెడలఁ దల్లియు
ననఁ దన కులకాంత యుండనగురా సుమతీ

చూశారా, ఆరుగురిలో ఇద్దరు తప్పుకున్నారు. లక్ష్మి లేదు, భూదేవి లేదు. అందంగా ఉండాలనీ ఓర్చుకోవాలనీ తెలుగు పద్యం అడగలేదు. కందంలో చోటు చాలక వదిలేశారని ఎవరైనా అంటే కాదనలేను. కానీ ఏది వదలాలన్నది పద్యం చెప్పేవాడి చేతిలో పని. పని, సలహా, అన్నం, పడక, ఈ నాలుగూ ఉంచుకున్నాడు. చాలా లెక్క తెలిసిన మనిషి.

అరసున్న గారి అసలు ప్రశ్నకు జవాబు ఈ పద్యంలో మరీ స్పష్టంగా ఉంది. "నగురా" అన్నాడు, "నగునే" అనలేదు. వింటున్నది మగవాడు. "ఉండన్ + అగురా", ఉండదగును రా అని. మొత్తం మాట ఇద్దరు మగవాళ్ళ మధ్య నడిచింది. కులకాంత గది అవతల ఉంది, ఆమె గురించి మాట్లాడుతున్నారు.

ఏత్వం:
చిన్నప్పుడు బడిలో వల్లె వేసేటప్పుడు సుమతి అంటే ఎవరో అమ్మాయి అనుకునేదాన్ని. ఎవరో పెద్దాయన సుమతికి బుద్ధులు చెబుతున్నాడు కాబోలు అని. "రా" ఎందుకు అంటున్నాడో అర్థమయ్యేది కాదు.

బండి ఱ మాస్టారూ, ఈ పద్యంలో "తన" గురించి కూడా చెప్పండి. తెలుగులో "తన" అంటే మామూలుగా వాక్యంలో కర్త ఎవరైతే వాళ్ళది. "సీత తన పుస్తకం తెచ్చుకుంది" అంటే సీత పుస్తకమే. ఇక్కడ కర్త కులకాంత. ఆ లెక్కన "తన భుక్తి" అంటే ఆమె భోజనం కావాలి. కానీ ఎవరూ అలా అర్థం చెప్పరు. రెండు చోట్లా "తన" అంటే ఆయన. ఆయన పేరు పద్యంలో ఎక్కడా లేదు. "భర్త", "మగడు", "పురుషుడు" ఏ మాటా లేదు. అయినా అందరికీ ఆయనే కనబడతాడు. ఇలాంటి "తన" ఎక్కడ నేర్చుకున్నామో గానీ, మనకు వివరించి చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. అదే నాకు టెన్షన్.

బండి ఱ:
బాగా పట్టావమ్మా. వ్యాకరణం ప్రకారం చూస్తే "తన కులకాంత" అన్నప్పుడే ఆ "తన" కర్తది కాదని తేలిపోతుంది, కులకాంత తనకు తానే కులకాంత కాలేదు కదా. నీతి పద్యాల్లో "తన" అంటే "ఎవడైనా ఒకడు", పేరు లేని మనిషి. "తన కోపమె తన శత్రువు" అన్నప్పటి తన. అది అందరికీ వర్తిస్తుందనుకుంటాం. ఈ పద్యం దగ్గరికి వచ్చేసరికి ఆ "అందరూ" అన్నమాట మగవాళ్ళ దగ్గర ఆగిపోయిందని బయటపడుతుంది.

వట్రసుడి:
అందరికీ నమస్కారం. మీరంతా మాటల్ని బాగానే చీలుస్తున్నారు గానీ భావాన్ని వదిలేస్తున్నారనిపిస్తోంది. దాసి అన్నంత మాత్రాన బానిస అని కాదండీ. సేవాభావం అని. హనుమంతుడు "దాసోఽహం" అంటే మనం తక్కువ చేసి చూస్తామా? ఇది ఆజ్ఞ కాదు, ప్రశంస. ఒకే మనిషిలో ఇన్ని శక్తులున్నాయని చేతులు జోడించడం.

పైగా మగవాడికి కూడా ఇలాంటి శ్లోకం ఉంది. అది ఎవరూ చెప్పరు.

కార్యేషు యోగీ, కరణేషు దక్షః,
రూపే చ కృష్ణః, క్షమయా తు రామః,
భోజ్యేషు తృప్తః, సుఖదుఃఖమిత్రం,
షట్కర్మయుక్తః ఖలు ధర్మనాథః

ఇద్దరికీ సమానంగానే చెప్పారు పెద్దలు.

విసర్గ:
వట్రసుడి గారూ, హనుమంతుడు "దాసోఽహం" అన్నాడు. "అహం", నేను. తన సంగతి తాను చెప్పుకున్నాడు. సుగ్రీవుడు పక్కన నిలబడి "మా వాడు పనుల్లో దాసుడండీ" అని ఉంటే ఆ మాట రుచి వేరుగా ఉండేది.

మీరిచ్చిన రెండో శ్లోకాన్ని మొదటిదాని పక్కన పెట్టి చూడండి. అచ్చు ఒకటే, పోసిన లోహం వేరు. ఆమెకు పనిలో దాసి, ఆయనకు పనిలో యోగి. యోగి అంటే ఫలితం మీద ఆశ లేకుండా చేసేవాడు, అంటే పని ఎవరి కోసమూ కాదు. దాసి పని ఎప్పుడూ ఒకరి కోసమే. ఆమె భోజనం దగ్గర తల్లి, ఆయన భోజనం దగ్గర తృప్తుడు. వడ్డించేది ఒకరు, పెట్టింది తిని సరేననేది ఒకరు. పెట్టింది తిని వంక పెట్టకపోవడమే ఆయన ధర్మం! దాసి, మంత్రి, తల్లి, రంభ అన్నవి ఇంకొకరు ఉంటేనే పుట్టే మాటలు. యజమాని లేని దాసి లేదు, రాజు లేని మంత్రి లేడు. యోగి, దక్షుడు, తృప్తుడు అన్నవి ఒంటరిగా కూర్చున్నా చెల్లుతాయి. "సుఖదుఃఖమిత్రం" ఒక్కటి మాత్రం మంచి మాట, దానికి నమస్కారం. శయనం దగ్గర ఆయన ఎలా ఉండాలో ఈ శ్లోకం చెప్పకుండా దాటేసింది. అది కూడా గమనించదగ్గదే.

ఇది ఏ గ్రంథంలో ఏ అధ్యాయంలోదో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను. అంతవరకు మొదటి శ్లోకానికి ఎదురుగా కట్టిన జవాబుగానే చదువుతాను. జవాబు కట్టాలనిపించడమే ఒక విశేషం.

ఏత్వం:
వట్రసుడి గారూ, మీ మీద కోపం లేదండీ. ప్రశంస అన్న మాటకు మాత్రం ఒప్పుకోలేను. "ఆఫీసులో మేనేజర్" అని చేర్చేవాళ్ళూ ప్రశంసే అనుకుంటున్నారు. గమనించండి, కొత్తవి చేర్చేటప్పుడు పాతది ఒక్కటి కూడా తీసేయరు. మేనేజర్ వచ్చింది కాబట్టి దాసిని తీసేద్దాం అని ఎవరూ అనరు. ఆరు ఏడవుతాయి, ఏడు తొమ్మిదవుతాయి. సెలవు మీద వెళ్ళిన పోస్టు ఒక్కటీ లేదు.

"భోజ్యేషు మాతా" సంగతే తీసుకోండి. 2019లో దేశవ్యాప్తంగా చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దాని మీద గడుపుతున్నారని తేలింది. మగవాళ్ళయితే 97 నిమిషాలు. అదీ ఇంటిపని ఎంతో కొంత చేసే మగవాళ్ళ సగటు. అసలు చేసేవాళ్ళే వందకు 26 మంది. ఆడవాళ్ళలో 81 మంది. పద్యం పాతబడిందని అనుకుంటాం గానీ, లెక్క ఇంకా ఆ పద్యానికి దగ్గర్లోనే ఉంది.

అరసున్న:
ఏత్వం గారు చెప్పిన అంకెలే 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పులోనూ వచ్చాయి. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసు అది. ఉద్యోగం లేని గృహిణికి "ఆదాయం" ఎంతని లెక్కగట్టాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఈ 299, 97 నిమిషాల సంగతి ప్రస్తావించారు. ఇంటిపనికి విలువ కట్టడం అంటే ఆ శ్రమను గుర్తించడమే అన్నది అందులోని సారాంశం. "కార్యేషు దాసీ" అన్న రెండు మాటలకు కోర్టు రాసిన వ్యాఖ్యానంగా నేను దాన్ని చదువుకున్నాను.

సరే, మాటల దగ్గరికి వద్దాం. ఈ శ్లోకం చూసినప్పుడల్లా నాకు కాళిదాసు గుర్తొస్తాడు. రఘువంశం ఎనిమిదో సర్గ. ఆకాశం నుంచి పడిన పూలమాల తగిలి ఇందుమతి చనిపోయింది. అజుడు ఏడుస్తున్నాడు.

గృహిణీ సచివః సఖీ మిథః
ప్రియశిష్యా లలితే కలావిధౌ
కరుణావిముఖేన మృత్యునా
హరతా త్వాం వద కిం న మే హృతమ్

"ఇల్లాలివి, మంత్రివి, ఏకాంతంలో చెలివి, కళల్లో ఇష్టమైన శిష్యురాలివి. దయలేని మృత్యువు నిన్ను ఎత్తుకుపోతూ నా దగ్గర్నుంచి ఏం ఎత్తుకుపోలేదో చెప్పు." ఇదీ జాబితానే. మంత్రి ఇక్కడా ఉన్నాడు, విసర్గ గారు అన్నట్టు ఇక్కడా పుంలింగమే: సచివః. కానీ "త్వాం" అన్నాడు, నిన్ను. "వద" అన్నాడు, చెప్పు. మాట ఆమెతోనే. ఆమె జవాబు చెప్పలేదు, చనిపోయింది కాబట్టి. అది వేరే విషాదం. బతికి ఉన్న భార్య గురించి పక్కవాడితో చెప్పే శ్లోకానికీ, చనిపోయిన భార్యతో నేరుగా మాట్లాడే శ్లోకానికీ ఎంత తేడా ఉందో చూడండి. మొదటిది ఆమె ఏమేం కావాలో చెబుతుంది. రెండోది తాను ఏమేం పోగొట్టుకున్నాడో చెబుతుంది. అజుడి జాబితాలో దాసి లేదు. అన్నం పెట్టే ఊసు కూడా లేదు. రాజు కదా, వంటవాళ్ళుంటారు అంటారా? ఉంటారు. ఆ మాటకొస్తే "కార్యేషు దాసీ" అని శుభలేఖ వేయించేవాళ్ళలోనూ చాలామందికి వంటమనిషి ఉంది.

విసర్గ:
అరసున్న గారూ, మంచిది గుర్తు చేశారు. "ప్రియశిష్యా" కూడా చూడండి, గురువు ఆయనే. సమానత్వం ఇంకా కాదు. కానీ నేర్పడం, నేర్చుకోవడం అన్న సంబంధం అయినా వచ్చింది.

ఆ మగమాటల వరసలో ఇంకొకటి చేరుస్తాను. మహాభారతం ఆదిపర్వంలో శకుంతల దుష్యంతుడి కొలువులో నిలబడి అంటుంది: "అర్ధం భార్యా మనుష్యస్య, భార్యా శ్రేష్ఠతమః సఖా." భార్య మనిషిలో సగం, భార్య అందరికన్నా గొప్ప స్నేహితుడు. "సఖీ" అనలేదు, "శ్రేష్ఠతమః సఖా" అంది. కాళిదాసు సఖీ అన్నచోట శకుంతల సఖా అంది. స్నేహంలో సాటి అని చెప్పాల్సి వచ్చినప్పుడు మగమాటనే తీసుకుని భార్యకు పెట్టింది. ఈ వరసలో ఆడగొంతు వినబడింది ఇప్పుడే. తన కోసం తానే వాదించుకుంటున్న ఆడమనిషి. పొగిడించుకోవడానికి రాలేదు, కొడుకు హక్కు అడగడానికి వచ్చింది.

బండి ఱ:
సఖా అన్న మాట మన పెళ్ళిళ్ళలోనే ఉంది కదండీ. సప్తపదిలో ఏడో అడుగు దగ్గర వరుడు వధువుతో అనేది "సఖా సప్తపదా భవ". అక్కడా సఖా అనే. "భవ" అంటే నువ్వు కా, అవ్వు. నేరుగా ఆమెతో.

నాకు ఇప్పుడే తోచింది. పెళ్ళి మంత్రాల్లో ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే తమాషాగా ఉంటుంది. కన్యాదానం దగ్గర: "ధర్మే చ అర్థే చ కామే చ త్వయైషా నాతిచరితవ్యా." త్వయా, నీ చేత. ఏషా, ఈమె. మామగారు అల్లుడితో మాట్లాడుతున్నాడు, అమ్మాయి పక్కనే ఉన్నా "ఈమె". అల్లుడు "నాతిచరామి" అని మామగారికి మాటిస్తాడు. ఆ మాట ఎవరి గురించో ఆవిడ మాత్రం వింటూ కూర్చుంటుంది. పాణిగ్రహణం దగ్గరికి వచ్చేసరికి "గృభ్ణామి తే సౌభగత్వాయ హస్తం", తే, నీ చేయి. మాంగల్యధారణలో "సుభగే త్వం జీవ శరదాం శతం", త్వం, నువ్వు. ఏడో అడుగులో సఖా భవ. దానం ఇచ్చేటప్పుడు "ఈమె", చేయి పట్టుకున్నాక "నువ్వు".

వట్రసుడి:
అదే నేను చెప్పేది! మన సంప్రదాయంలో "నువ్వు" కూడా ఉంది. మీరు సుమతీ పద్యం ఒక్కటే పట్టుకుని తీర్పు ఇవ్వకండి. ఋగ్వేదం వివాహసూక్తంలో వధువును "సమ్రాజ్ఞీ శ్వశురే భవ" అన్నారు. అత్తవారింట్లో మహారాణిగా ఉండు అని. దాసి అనలేదు.

ఏత్వం:
ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను వట్రసుడి గారూ. ఇక ఒక్క ప్రశ్న. శుభలేఖ మీద వేయించడానికి సమ్రాజ్ఞీ ఉండగా, సఖా సప్తపదా ఉండగా, అందరూ వెతికి వెతికి దాసినే ఎందుకు వేయిస్తున్నారు?

వట్రసుడి:
ప్రాస బాగుంటుంది కదమ్మా. నోటికి పడిపోయింది.

ఏత్వం:
ఇది నిజాయితీగా చెప్పిన జవాబు. ఒప్పుకుంటున్నాను.

తలకట్టు:
ఆలస్యంగా చేరుతున్నాను, క్షమించాలి. భూదేవి అంత కాదు గానీ.

మీరంతా భార్య అన్న పాత్ర చుట్టూనే తిరుగుతున్నారు. పెళ్ళి బయట ఉన్న ఆడవాళ్ళను మన భాష ఏమని పిలుస్తోంది? నాకు ఆ చర్చ కూడా కావాలి. అమ్మాయి చెట్లెక్కితే, గట్టిగా మాట్లాడితే "మగరాయుడు" అంటారు. సగం తిట్టు, సగం ముచ్చట. అబ్బాయి మెత్తగా ఉంటే, ఇంటిపని ఇష్టంగా చేస్తే "ఆడంగి" అంటారు. అందులో ముచ్చట ఎక్కడా లేదు. ఆమె మగమాట తీసుకుంటే ఒక మెట్టు పైకి, ఆయన ఆడమాట తీసుకుంటే ఒక మెట్టు కిందికి. విసర్గ గారు చూపించిన మంత్రీ, సచివః, సఖా కూడా ఈ లెక్కలోవే అని నా అనుమానం. గౌరవం ఇవ్వాలంటే మగమాట అరువు తెచ్చి ఇచ్చారు.

పదవుల పేర్లలో కూడా ఇదే చిక్కు. సంస్కృత వ్యాకరణంలో ఆచార్యా, ఆచార్యానీ అని రెండు ఉన్నాయి. ఆచార్యానీ అంటే ఆచార్యుడి భార్య. ఆచార్యా అంటే తానే పాఠం చెప్పే స్త్రీ. అంటే అలాంటి స్త్రీలు ఉన్నారు, వాళ్ళకు వేరే మాట కావాల్సి వచ్చింది. మన "డాక్టరమ్మ" ఒకప్పుడు ఈ రెండు అర్థాల్లోనూ చెల్లేది. ఇప్పుడు డాక్టరు గారి భార్యను డాక్టరమ్మ అంటే వినేవాళ్ళు ఆమెకు జ్వరం సంగతి చెప్పుకుంటారు. ఈ మార్పు ఎవరూ సభ పెట్టి తీర్మానించింది కాదు.

2007లో ప్రతిభా పాటిల్ ఆ పదవిలోకి వచ్చినప్పుడు "రాష్ట్రపతి" అనవచ్చా అని చర్చ జరిగింది. "పతి" ఉంది కదా అని. ఆ మాటే నిలిచింది. ఇప్పుడు ద్రౌపది ముర్మును రాష్ట్రపతి అంటున్నప్పుడు ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. తెలుగులో "మంత్రి" అన్నప్పుడూ అంతే, లింగం ఎవరికీ గుర్తుకు రాదు. నా మట్టుకు రచయిత్రి, అధ్యక్షురాలు అని విడిగా చెప్పడం కన్నా ఇదే నయం. కాదనేవాళ్ళు ఉంటారు. "రచయిత" అంటే అందరికీ మగవాడే తోస్తాడు, "రచయిత్రి" అంటేనే ఆమె కనబడుతుంది అనేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది.

బండి ఱ:
తలకట్టు గారూ, తెలుగులో క్రియ సంగతి కూడా చేర్చండి. ఆయన వచ్చాడు. ఆమె వచ్చింది. బస్సు వచ్చింది. ఏకవచనంలో ఆడవాళ్ళు బస్సుతో కలిశారు. బహువచనంలో మళ్ళీ మగవాళ్ళతో: వాళ్ళు వచ్చారు, బస్సులు వచ్చాయి. కన్నడంలో "బందళు", తమిళంలో "వందాళ్" అని ఆమెకు వేరే రూపం ఉంది. మనకు లేదు. "గారు" తగిలించి వచ్చారు అంటే ఈ చిక్కు తీరుతుంది. దీన్నిబట్టి మనం ఆడవాళ్ళను వస్తువుల్లా చూశామని మాత్రం అనకండి, వ్యాకరణం నుంచి మనసులోకి అంత సులువుగా దారి వేయలేం.

అరసున్న:
ఇంకొక సంగతి మిగిలింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం, న్యాయవాదుల కోసం ఒక చిన్న పుస్తకం తెచ్చింది. ఆడవాళ్ళ గురించి పాతుకుపోయిన భావాలు తీర్పుల భాషలోకి రాకుండా ఏ మాట బదులు ఏ మాట వాడాలో అందులో చెప్పారు. హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ అన్నారు. అది పత్రికల్లో బాగా వచ్చింది. నాకు అంతకన్నా నచ్చినవి వేరే. "కెరీర్ ఉమన్" అనకండి, "స్త్రీ" అనండి. "మంచి భార్య", "విధేయురాలైన భార్య" అనకండి, "భార్య" అనండి. అంతే. విశేషణం కొట్టేయడం.

తెలుగులో ఇది ఎలా చేస్తాం? హోమ్‌మేకర్‌కు గృహిణి ఉంది, కాళిదాసు నాటిదే, ఇబ్బంది లేదు. ఇల్లాలు అంటే ఇల్లు, ఆలు కలిసిన మాట. భార్య అన్న అర్థం దాన్లోనే ఉంది, పెళ్ళి లేనివాళ్ళకు సరిపోదు. ఇంటి పని చూసుకునే మగవాడికి మాత్రం ఏ మాటా లేదు. "గృహస్థు" ఉంది గానీ దానికి వంటగదితో సంబంధం లేదు. కొత్త మాట చేయాల్సిందే. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, "ఇంటాయన" మాత్రం వద్దు, అది ఇప్పటికే అద్దె వసూలు చేస్తోంది.

వట్రసుడి:
నన్ను పాతకాలపు మనిషి కింద జమ కట్టేశారు కాబట్టి, పాతకాలపు ఛందస్సులోనే ఒక ప్రయత్నం. బద్దెన గారు క్షమించాలి.

పనిలో సగపాలగుచును
మనసెఱిగిన మిత్రుఁడగుచు మాటలయందున్
దన భుక్తికిఁ దా వండుచు
ననుదినమీ రీతినుండ నగురా సుమతీ

యతిప్రాసలు చూసుకోండి.

విసర్గ:
ఆరో గణం మొదటి సగంలో నలం, రెండో సగంలో జగణం, రెండూ అక్కడ చెల్లుతాయి. జగణం ఎక్కడా బేసి చోట రాలేదు. యతి సరిపోయింది. ఛందస్సులో వేలు పెట్టడానికి లేదు. అన్వయంలో మాత్రం ఉంది. ఈ రీతిని ఉండవలసింది ఎవరు? కర్త లేడు.

బండి ఱ:
ఉన్నాడండీ, "రా" అన్నచోట ఉన్నాడు. పాత పద్యంలో వినేవాడు ఒకడు, ఉండవలసింది వేరొకరు. ఇందులో వినేవాడే ఉండవలసినవాడు. కర్తను వేరే చెప్పక్కర్లేదు. వట్రసుడి గారూ, శభాష్.

ఏత్వం:
పద్యం నాకు చాలా నచ్చింది. ఒక్క ఫిర్యాదు. సుమతికే చెబుతున్నప్పుడు "నీ భుక్తికి నీవే వండుకో" అనాలి కదా? మూడో పాదంలో మళ్ళీ "తన" పెట్టి ఎవరినో మూడో మనిషిని వంటింట్లోకి పంపారు.

వట్రసుడి:
రెండో అక్షరం "న" కావాలమ్మా, ప్రాస! "నీ" అని మొదలుపెడితే గురువు వచ్చి కందం కూడా పోతుంది.

ఏత్వం:
ప్రాస కోసం దాసిని భరించాం, ప్రాస కోసం దీన్నీ భరిస్తాం. కుదిరితే రెండో ముద్రణలో సవరించండి.